వడ్డీ లెక్కా, పొలం కొలతా: పిల్లాడికి ఏది ముందు?

మా మేనల్లుడు పదో తరగతి, లెక్కలంటే ఆమడ దూరం. "ఇవన్నీ ఎక్కడ పనికొస్తాయి మావయ్యా?" అన్నాడని మొదట వడ్డీతో మొదలుపెట్టాను, మన ఇళ్లలో రోజూ వినపడే లెక్క అదే కదా అని.

నూటికి రెండు రూపాయలంటే రెండు శాతమేగా అనుకుంటున్నాడు వాడు. అది నెలకి, ఏడాదికైతే 24 అనేసరికి నోరు తెరిచాడు. లక్ష అప్పు తెచ్చి మూడేళ్లు కట్టకపోతే బారువడ్డీకి 1,72,000 అవుతుంది, అదే నెలనెలా వడ్డీని అసల్లో కలుపుకుంటూ పోతే 35 నెలలకే రెండు లక్షలు, పదకొండు రూపాయలు తక్కువ. భయపడ్డాడు, సరే. కానీ అక్కడితో ఆగిపోయాడు. ఆ పెరగడం కంటికి కనపడదు, ఫోన్లో నొక్కితే అంకె వస్తుంది, అంతే.

పొలం అలా కాదు. సెంటుకి 435.6 చదరపు అడుగులు, కాబట్టి నాలుగు వైపులా 66 అడుగులున్న చదరం సరిగ్గా పది సెంట్లు (తెలంగాణలో అయితే 33 అడుగుల చదరం ఒక గుంట). మా ఊళ్లో చాలామంది ఎదురెదురు వైపులు కూడి సగం చేసి, వచ్చిన రెండూ గుణించేస్తారు. మూలలు సరిగ్గా ఉంటే పర్లేదు, పొలం చెక్క ఓరగా ఉంటేనే తంటా.

సమానంగా విరిచిన నాలుగు చీపురు పుల్లలు మూలల్లో దారంతో వదులుగా కట్టి, ఒక్కో పుల్లా 66 అడుగుల గట్టనుకోమని వాడి చేతికిచ్చాను. పక్కకి నొక్కుతూ పోయాడు. పుల్లల పొడవు మారలేదు, లోపలి జాగా మాత్రం తగ్గి తగ్గి చివరికి పుల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. "మరి మనూరి లెక్కకి ఇది ఇంకా పది సెంట్లేగా!" అన్నాడు వాడే. నేను చెప్పలేదు.

అప్పుడు కర్ణం కొలవాలన్నాను (ఊరి కరణం కాదురా, ఎదురు మూలలు కలిపే గీత). అది కూడా 66 అయితే చెక్క రెండు త్రిభుజాలు, తొమ్మిదిలో బట్టీపట్టిన హెరాన్ సూత్రం (మూడు వైపుల పొడవులతోనే త్రిభుజం వైశాల్యం చెప్పేది) వేస్తే మొత్తం 8.66 సెంట్లు. సెంటూ పావుకి పైనే గల్లంతు!

ఉద్యోగంలో చేరబోయే వాళ్లకైతే వడ్డీయే ముందు చెప్తాను, ఈఎంఐలు ఎవరి కోసమూ ఆగవు కదా. పదో తరగతి వాడికి మాత్రం పొలమే. ఎండలో తిరగాలి, ఒక పూట పోతుంది, అయినా సరే.

ఆదివారం పెరడు కొలవాలట, 30 మీటర్ల టేపు కొనమని నిన్నటి నుంచి ప్రాణం తీస్తున్నాడు.