ట్రాన్స్ మహిళలకు హెచ్ఐవీ నివారణ: వీధిలో పలకరింపా, సొంత క్లినిక్కా?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) కార్యక్రమాల్లో పీర్ ఎడ్యుకేటర్, అంటే ఆ కమ్యూనిటీ మనిషే, వాళ్లుండే చోటికే వెళ్లి కండోమ్‌లు ఇచ్చి పరీక్షకు రమ్మంటుంది. ఆసుపత్రి గడప తొక్కడానికి భయపడేవాళ్లను చేరేది ఈ దారే. కానీ ఎన్ని కండోమ్‌లు పంచారన్నదే లెక్కేస్తే ఏం తెలుస్తుంది?

హైదరాబాద్‌లో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్‌ది వేరే పద్ధతి. ట్రాన్స్ మనుషులే నడిపేవాళ్లు, హెచ్ఐవీ పరీక్షతో పాటు హార్మోన్లు, మానసిక ఆరోగ్యం, మామూలు వైద్యం కూడా అక్కడే, కాబట్టి వేరే పని మీద వచ్చినవాళ్లు కూడా పరీక్ష చేయించుకునే వీలుంటుంది. నా ఓటు దీనికే. అమెరికా నిధులు ఆగిపోగానే 2025 జనవరిలో మూతపడింది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో తెరిచారు.

రెండింటినీ ఒకే ప్రశ్నలతో కొలవాలి: పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, మొదలుపెట్టారు, ఏడాది తర్వాత కూడా మందులు వాడుతున్నారా, నెగెటివ్ వచ్చినవాళ్లు మళ్లీ పరీక్షకు వచ్చారా?