డ్యామ్ నదిని ఎంత మార్చిందో చెప్పే ఐహెచ్ఏ సాఫ్ట్‌వేర్: ఎంతవరకు నమ్మొచ్చు

జలాశయం కింద నదికి ఎంత నీరు వదలాలన్న చర్చ మన దగ్గర టీఎంసీల దగ్గరే ఆగిపోతుంది. ఆ నీరు నడివేసవిలో వచ్చిందా, తొలకరిలో వచ్చిందా, ఎన్నాళ్లు నిలిచింది అన్నదాన్ని బట్టే చేపలు గుడ్లు పెడతాయి. అమెరికాలోని నేచర్ కన్సర్వెన్సీ ఉచితంగా ఇస్తున్న 'ఇండికేటర్స్ ఆఫ్ హైడ్రాలజిక్ ఆల్టరేషన్' (ఐహెచ్ఏ) సాఫ్ట్‌వేర్ లెక్క తీసేది దీన్నే. వాడాల్సిన సాధనమే, కానీ డీఫాల్ట్ సెట్టింగులతో మాత్రం వద్దు.

రోజువారీ ప్రవాహం ఇస్తే 33 సూచికలు తీస్తుంది: నెలవారీ ప్రవాహం, 1 నుంచి 90 రోజుల కనిష్ఠ, గరిష్ఠాలు, నీరు పారని రోజులు, వరద తేదీ, ప్రవాహం పెరిగే, తగ్గే వేగం. డ్యామ్‌కు ముందు, తర్వాత చెరో 20 ఏళ్ల డేటా ఉంటే మంచిది.

మొదట మార్చాల్సింది జలసంవత్సరం, అంటే ప్రవాహాన్ని లెక్కించే 12 నెలల కాలం. డీఫాల్ట్‌గా అది అక్టోబర్ 1న మొదలవుతుంది. మనకు జూన్ 1 పెట్టాలి. లేదంటే 2009లో సెప్టెంబర్ చివర మొదలై అక్టోబర్‌లో ముంచెత్తిన కృష్ణా వరద రెండు ఏళ్ల మధ్య తెగిపోతుంది. అలాంటి ఒక్క వరదే సగటును పైకి లాగేస్తుంది కాబట్టి సగటుకు బదులు మధ్యస్థ విలువ (మీడియన్) తీసుకునే నాన్-పారామెట్రిక్ పద్ధతే ఎంచుకోండి. డేటాలో ఖాళీలుంటే సరళరేఖతో పూడుస్తుంది. వరద రోజుల్లోనే కొలత ఆగిపోయి ఉంటే శిఖరం మాయమవుతుంది.

ఫలితాల్లో ముందు ఆర్‌వీఏ (రేంజ్ ఆఫ్ వేరియబిలిటీ అప్రోచ్) పట్టిక చూడాలి. డ్యామ్‌కు ముందు విలువల మధ్యస్థ పరిధిలో 8 ఏళ్లు రావాల్సిన చోట 2 ఏళ్లే వస్తే మార్పు −0.75, −1 అంటే ఒక్క ఏడాదీ రాలేదు. కృష్ణా విషయంలో ఇక్కడ జాగ్రత్త అవసరం. నాగార్జునసాగర్ నుంచి 1967లో నీరు వదిలేనాటికే తుంగభద్ర డ్యామ్, ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి. అందుకే 'ముందు' కాలాన్ని సహజ నదిగా తీసుకోకూడదు. వర్షపాతం తగ్గుదలను కూడా ఇది డ్యామ్ ఖాతాలోనే వేస్తుంది; వాన లెక్కలు విడిగా చూడక తప్పదు.

అసలు లోపం రోజువారీ సగటు. సాయంత్రం పీక్ గంటల్లో టర్బైన్లు తిప్పి, రాత్రి ఆపేస్తే దిగువన మట్టం గంటల్లోనే పెరిగి పడిపోతుంది, చేపపిల్లలు ఒడ్డు గుంటల్లో చిక్కుకుంటాయి. ఐహెచ్ఏకు అది కనిపించదు. జలవిద్యుత్ డ్యామ్‌ల కింద గంటవారీ డేటాను విడిగా పరిశీలించాల్సిందే.

ఎంత వదలాలో కూడా ఇది చెప్పదు. దెబ్బతిన్న సూచికలను బట్టి నెలవారీ కనీస విడుదల నిర్ణయించి, జలాశయ నిర్వహణను అనుకరించే హెచ్ఈసీ-రెస్‌సిమ్ సాఫ్ట్‌వేర్‌లో నిబంధనగా పెట్టి కాలువలకు ఎంత కొరత పడుతుందో చూడాలి. వచ్చిన రోజువారీ విడుదలలను 'తర్వాత' కాలంగా మళ్లీ ఐహెచ్ఏకు ఇస్తే ఏ సూచిక కోలుకుందో తెలుస్తుంది.