ఊళ్లవారీ ఫ్లోరోసిస్ లెక్కకు ఆర్ మేలా, స్టాటా మేలా?

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల బడిపిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చల (ఫ్లోరోసిస్) డేటా ఉందనుకుందాం. దాన్ని ఆర్, స్టాటా అనే రెండు గణాంక సాఫ్ట్‌వేర్లలో దేనితో లెక్కించాలన్నదే ప్రశ్న. ఒకే ఊరి పిల్లలు ఒకే బోర్ల నీళ్లు తాగి పెరిగినవాళ్లు, కాబట్టి వాళ్ల పళ్లు ఒకదానికొకటి సంబంధం లేని లెక్క కాదు. ఇది పట్టించుకోకుండా మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ (ఉందా-లేదా ఫలితానికి వేసే మోడల్) వేస్తే ఊరి నీటి ఫ్లోరైడ్‌కు స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) ఉండాల్సినదానికన్నా చిన్నగా వస్తుంది. ఊరికి రాండమ్ ఎఫెక్ట్, అంటే ఊరికీ ఊరికీ ఉండే తేడాకు మోడల్‌లో వేరే చోటు, పెట్టాల్సిందే.

ఆర్‌లో ఎల్‌ఎంఈ4 ప్యాకేజీ ఉచితం. మోడల్ చూడగానే అర్థమవుతుంది: మచ్చ ~ ఫ్లోరైడ్ + వయసు + (1|ఊరు). చివరిదే ఊరి రాండమ్ ఎఫెక్ట్. ఇక్కడ ఒక జాగ్రత్త. మచ్చ పడేది చిన్నతనంలో, పంటి ఎనామెల్ తయారయ్యేటప్పుడు. అందుకని ఇవాళ్టి మిషన్ భగీరథ నల్లా నీటి అంకె కాదు, ఆ పిల్లలు చిన్నప్పుడు తాగిన నీటి అంకె వేయాలి.

స్టాటాలో ఇదే పని ఎంఈలాజిట్ అనే కమాండ్ చేస్తుంది. లైసెన్సు కొనాలి. అసలు తేడా మాత్రం లోపలి లెక్కలో ఉంది. మనమేమీ చెప్పకపోతే ఆర్‌లో ఎల్‌ఎంఈ4 ప్యాకేజీలోని జీఎల్‌ఎంఈఆర్ ఫంక్షన్ లాప్లాస్ పద్ధతి (ఒకే పాయింటు దగ్గర వేసే ఉజ్జాయింపు) వాడుతుంది, ఎంఈలాజిట్ 7 పాయింట్ల అడాప్టివ్ క్వాడ్రేచర్ (ఎక్కువ పాయింట్లతో వేసే మరింత కచ్చితమైన లెక్క) వాడుతుంది. ఊరికి నలుగురైదుగురు పిల్లలే ఉండి, మచ్చ ఉందా లేదా అన్నదే రాసుకుంటే, లాప్లాస్ ఊళ్ల మధ్య తేడాను తగ్గించి చూపే ప్రమాదముంది. రాండమ్ ఎఫెక్ట్ ఊరొక్కటే అయితే ఆర్‌లోనూ ఎన్‌ఏజీక్యూ (పాయింట్ల సంఖ్య) విలువ పెంచి చూడొచ్చు. ఊరి లోపల బడిని కూడా రాండమ్ ఎఫెక్ట్‌గా చేర్చారో, ఆ వెసులుబాటు పోతుంది. అక్కడ స్టాటాదే పైచేయి.

మచ్చకు బదులు మూత్రంలో ఫ్లోరైడ్ లాంటి కొలత తీసుకుంటే తికమక ఇంకోచోట వస్తుంది. వేరియన్సు (ఊళ్ల మధ్య తేడా కొలత) అంచనాకు రెండు పద్ధతులున్నాయి: ఎంఎల్, దాన్ని సవరించిన ఆర్‌ఈఎంఎల్. ఆర్‌లోని ఎల్‌ఎంఈఆర్ ఫంక్షన్ ఆర్‌ఈఎంఎల్‌తో, స్టాటాలోని మిక్స్‌డ్ కమాండ్ మామూలు ఎంఎల్‌తో మొదలవుతాయి. ఒకే డేటాకు రెండు వేరియన్సులు వచ్చాయని కంగారు పడొద్దు, స్టాటాలో ఆర్‌ఈఎంఎల్ ఆప్షన్ ఇస్తే కలిసిపోతాయి.

పైథాన్‌లోని స్టాట్స్‌మోడల్స్ లైబ్రరీ ఇలాంటి కొలతలకు పర్వాలేదు. ఉందా-లేదా లెక్కకు నేను చెప్పను.

మండలాన్ని మాత్రం ఎందులోనూ రాండమ్‌గా పెట్టకండి. మూడింటితో వేరియన్స్ అంచనా నిలవదు, ఆర్ తరచూ సింగ్యులర్ ఫిట్ (వేరియన్స్ సున్నాకు పడిపోయిందన్న హెచ్చరిక) అంటుంది. మామూలు ఫ్యాక్టర్‌గా, అంటే వయసులాగే మరో అంశంగా, వేస్తే చాలు.

మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరులోనో సొంత ఖర్చుతో చదివే విద్యార్థికి నేను ఆర్‌నే చెప్తాను. బడి కూడా చేరినప్పుడు, ఆలస్యమైనా సరే, ఆర్‌లోనే ఉన్న బీఆర్‌ఎంఎస్ ప్యాకేజీతో (బేసియన్ పద్ధతి) ఇంకోసారి వేసి ఊరి వేరియన్స్ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ పద్ధతి, ఎన్ని పాయింట్లు వాడారో థీసిస్‌లో టేబుల్ కిందనే రాయండి.