యెజ్డీ రోడ్‌కింగ్: మెరుపు కాదు, క్రాంకు చూసి కొనవలసిన బండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత మోటారు సైకిళ్ల బేరం ఎక్కడ మొదలైనా మాట ముందుగా యమహా ఆర్‌ఎక్స్ 100 మీదకు పోతుంది. దాని ధర విని వెనక్కి తగ్గినవారు తరువాత యెజ్డీ రోడ్‌కింగ్ వైపు చూస్తారు. పుష్కరకాలానికి పైగా రోడ్‌కింగ్‌ను అలంకారానికి కాకుండా రోజువారీ పనులకు వాడుతున్నవాడిగా నేను గమనించినది ఏమిటంటే, ఈ బండి విషయంలో కొనేవారు భయపడేవి చాలావరకు భయపడనక్కరలేనివే. నిజంగా చూసుకోవలసినవి మాత్రం మూతలు విప్పితే తప్ప కనిపించవు. కొత్త రంగు, క్రోమియం పూత ధరను వేలల్లో పెంచేస్తున్నాయి, లోపలి క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఎలా ఉందని అడిగేవారు అరుదు.

మైసూరులో రుస్తుం ఇరానీ, ఫారూఖ్ ఇరానీ 1960లో స్థాపించిన ఐడియల్ జావా సంస్థ చెక్ దేశపు జావా నమూనాతో బండ్లు తయారుచేసి, తరువాతి కాలంలో యెజ్డీ అన్న సొంత పేరు పెట్టుకుంది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో ఆ కర్మాగారమే మూతపడింది. అంటే ఇప్పుడు దొరికే బండ్లలో అన్నిటికంటే చిన్నదానికి కూడా దాదాపు 30 ఏళ్లు. రోడ్‌కింగ్‌ది పెట్రోలులో నూనె కలిపి నడిపే టూ స్ట్రోక్ ఇంజన్; యెజ్డీ పేరుతో 2022 నుండి వస్తున్నవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల బండ్లు కనుక వాటి విడిభాగాలు దీనికి పనికిరావు.

కొత్తవారిని మొదట బెదరగొట్టేది ఎడమవైపు రాడ్డు. కిక్ కొట్టడానికీ గేరు మార్చడానికీ ఇందులో ఒకటే రాడ్డు ఉంటుంది. దానిని లోపలికి నొక్కి పైకి తిప్పి తన్నితే ఇంజన్ అందుకుంటుంది, మళ్లీ ముందుకు దించితే గేరు రాడ్డు అవుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో వెనక ఆటోలు హారన్ మోగిస్తుండగా ఇంజన్ ఆగిపోతే కొంత కంగారు కలుగుతుందన్నది నిజమే గాని, కాలికి అలవాటు పడితే ఆ పని రెండు క్షణాలది. గేరు రాడ్డు కదలికే క్లచ్‌ను విడదీసే ఏర్పాటు కూడా ఉన్నందువల్ల, బండి నడుస్తుండగా చేతి క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చుకోవచ్చు. ఇంత సౌకర్యం తరువాతి కాలపు బండ్లలో ఎందుకు కొనసాగలేదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంజన్ 248.5 సీసీల టూ స్ట్రోక్. సిలిండరు ఒకటే అయినా పొగ బయటికి పోయే దారులు రెండు, సైలెన్సర్లు రెండు. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 65 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ. స్ట్రోకు పొడవుగా ఉండడం వల్ల, మిగతా టూ స్ట్రోక్ బండ్లలా గింగిరాలు తిరిగితే తప్ప బలం రాదన్న బాధ దీనికి లేదు. 16 హార్స్‌పవర్ నేడు పెద్ద లెక్క కాకపోయినా, సాలూరు నుండి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్లే ఘాట్‌లో, సరుకు లారీల వెనక నెమ్మదిగా ఎక్కవలసి వచ్చినప్పుడు ఇద్దరిని ఎక్కించుకుని మూడో గేరులోనే లాగే తీరు చూస్తే ఈ బండి దేనికి పుట్టిందో తెలుస్తుంది. జాతీయ రహదారి మీద మాత్రం దీని హాయి 70 కిలోమీటర్ల వేగం దగ్గరే ఆగిపోతుంది. 80 దాటితే హ్యాండిల్‌లోనూ కాళ్ల కిందా వణుకు మొదలవుతుంది. మైలేజీ లీటరుకు 30 దాటడం అరుదు.

ఘాట్ దిగేటప్పుడు ఒక సంగతి మరువకూడదు. ఈ ఇంజన్‌కు నూనె పెట్రోలుతో కలిసే వెళ్లాలి; నేను లీటరుకు 40 మి.లీ. చొప్పున కలుపుతాను. యాక్సిలరేటరు పూర్తిగా మూసి గేరులో చాలా దూరం దిగితే, చక్రాలు ఇంజన్‌ను వేగంగా తిప్పుతూనే ఉంటాయి గాని పెట్రోలుతోపాటు నూనె కూడా లోపలికి దాదాపుగా పోదు. అందుచేత దిగుడులో మధ్యమధ్య క్లచ్ పట్టి కొద్దిగా రేజ్ ఇస్తుండాలి. డ్రమ్ము బ్రేకులు సాధారణమైనవి కనుక ముందు వాహనానికి దూరం కూడా ఎక్కువ పాటించాలి. లైటు వెలుగు గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. చీకటి పడకముందే ఇల్లు చేరడం నా పద్ధతి.

ఇక కొనేవారికి ముఖ్యమైన మాట. టూ స్ట్రోక్‌లో క్రాంకు గది గాలి చొరబడకుండా బిగువుగా ఉండాలి, ఆ బిగువంతా క్రాంకు రెండు కొనల చుట్టూ ఉండే రెండు ఆయిల్ సీళ్ల మీద ఆధారపడుతుంది. క్లచ్ ఉన్న ఎడమవైపు సీలు పోతే ఇంజన్ గేరాయిలును పీల్చుకుని, వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లపొగ వదులుతుంది, గేరాయిలు మట్టం తగ్గిపోతుంది. కుడివైపు సీలు పోతే బయటి గాలి చొరబడి మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గుతుంది. ఇంజన్ దానంతటదే రేజ్ అవుతుంది, అతిగా వేడెక్కుతుంది, పట్టించుకోకపోతే పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది. "ముందు గేరాయిలు చూడండి బాబూ, రంగు తరవాత చూద్దురుగాని" అని ఆమదాలవలసలో ఒక పెద్దవయసు మెకానిక్ గారు కొనేవారికి చెబుతుండేవారు. సీళ్ల ఖరీదు స్వల్పమే గాని, వాటి వెనక బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు అరిగి ఉంటే క్రాంకును ప్రెస్ మీద విడదీసి, మళ్లీ వంకర లేకుండా కూర్చగల లేత్ షాపు కావాలి. నాకు తెలిసినంతలో అటువంటి పనికి విశాఖపట్నం వెళ్లడమే మేలు.

బూడిదరంగు పొగ, స్టార్ట్ చేసిన కొత్తలో నీలిపొగ చూసి బేరం వదులుకోనక్కరలేదు. సైలెన్సర్ల లోపలి గొట్టాలను బయటికి తీసి మసి వదిలిస్తే ఇంజన్ తేలికపడుతుంది. గొలుసు పూర్తిగా మూసిన పెట్టెలో తిరుగుతుంది కనుక వానాకాలపు బురదలోనూ ఏళ్ల తరబడి మన్నుతుంది.

మన తీరప్రాంతపు ఉప్పుగాలి ఈ బండికి పెద్ద శత్రువు. కళింగపట్నం వైపు తిరిగే బండ్ల ట్యాంకుల్లో లోపలినుండి తుప్పు పడుతుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకోవడం వల్ల ఆ బెడద ఇంకా పెరిగింది, పాత రబ్బరు గొట్టాలు కూడా మెత్తబడుతున్నాయి. బండిని కొన్నాళ్లు కదపనప్పుడు పెట్రోలు ట్యాపు మూసి, కార్బురేటరులో మిగిలినది ఖర్చయ్యేదాకా ఇంజన్ నడిపి ఆపుతాను.

కాగితాల విషయంలో జాలి పనికిరాదు. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సి (రిజిస్ట్రేషన్ పత్రం) అయిదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి, ఆ రుసుములు 2022 నుండి బాగా పెరిగాయి. వింటేజ్ వాహనాలకు 2021లో వచ్చిన ప్రత్యేక నిబంధనలు 50 ఏళ్లు దాటినవాటికే వర్తిస్తాయి. రోడ్‌కింగ్‌కు ఇంకా ఆ వయసు రాలేదు, వచ్చినా ఆ కోవలో నమోదు చేయించుకున్న బండిని రోజూ తిప్పడానికి వీలుండదు. చాలా బండ్లకు ఇంజన్లు మారి ఉంటాయి కనుక ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సితో స్వయంగా సరిపోల్చి చూసుకున్న తరువాతే బయానా ఇవ్వాలి.