డీపీటీతో పాటు ఫెల్డెన్‌క్రైస్ శిక్షణ: పూర్తి చేశాక నా సమీక్ష

అమెరికాలో డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చదువుతూ ఫెల్డెన్‌క్రైస్ టీచర్ శిక్షణ కూడా చేశాను. మెల్లటి కదలికలు చేయిస్తూ, ఒళ్లు ఎలా కదులుతోందో గమనించడం నేర్పే పద్ధతి ఇది. రెండూ కలిపి లాగగలమా అని మన బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పిల్లలు తరచూ అడుగుతున్నారు. లాగగలం. అయితే డీపీటీ మొదటి ఏడాదిలో మాత్రం చేరకండి. అనాటమీ ల్యాబుకే ఊపిరి సలపదు.

డీపీటీ మామూలుగా 3 ఏళ్లు. ఫెల్డెన్‌క్రైస్ శిక్షణ సుమారు 160 రోజులు, మూడు నాలుగేళ్ల మీద విడతలుగా ఉంటుంది. వినడానికి తేలిగ్గానే అనిపిస్తుంది కానీ, క్లినికల్ రొటేషన్ (ఆస్పత్రుల్లో, క్లినిక్కుల్లో చేసే ప్రాక్టికల్ శిక్షణ) తేదీలు మన చేతిలో ఉండవు. నాకు ఒక విడత సరిగ్గా రొటేషన్ మధ్యలో పడింది. పోయిన రోజులను వేరే బ్యాచ్‌తో కూర్చుని, మళ్లీ డబ్బు కట్టి పూర్తి చేశాను. ఆ నిబంధన చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. మీరు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక అసలు విషయం. మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) ఫిజిక్స్ చదివిన ఇంజినీరు, జూడో నేర్పినవాడు. తన మోకాలు దెబ్బతిన్నాక కదలికల మీద దృష్టి పెట్టి ఈ పద్ధతిని తయారుచేశాడు. ఇందులో కటి గడియారం అనే పాఠం ఉంది. కటి అంటే నడుము కింది ఎముకల గూడు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుము కింద గడియారం ఉందనుకోవాలి. బొడ్డు వైపు 12, తోకఎముక వైపు 6. కటిని 12 నుంచి 6కి, మళ్లీ 12కి మెల్లగా దొర్లించాలి. తర్వాత 3, 9. చివరికి అంకె అంకెనూ తాకుతూ గుండ్రంగా. ఏదో ఒక చోట, ఏ 4 దగ్గరో 5 దగ్గరో, కదలిక గెంతుతుంది. అక్కడ బలం పెట్టకూడదు, ఇంకా తగ్గించాలి. కాసేపటికి ఆ గెంతు దానంతటదే సర్దుకుంటుంది.

కాలేజీలో గోనియోమీటర్ (కీళ్ల కోణం కొలిచే పరికరం) పెట్టి డిగ్రీలు కొలిచాను, కండరబలానికి 0 నుంచి 5 గ్రేడ్లు వేశాను. అవన్నీ కావాల్సినవే. కానీ పేషెంట్ ఊపిరి ఎక్కడ బిగబడుతున్నాడో, కాలు ఎత్తేముందు దవడ ఎలా బిగిస్తున్నాడో చూడడం నాకు ఈ శిక్షణలోనే అలవడింది. గుంటూరులో మా అమ్మ పూజ దగ్గర కింద కూర్చుని లేవడానికి కుర్చీ పట్టుకునేది. వీడియో కాల్‌లో పక్కకు ఒరిగి, చేయి ఆనించి, తిరుగుతూ లేవడం నేర్పాను. ఇప్పుడు కుర్చీ అడగడం లేదు. ఆ ఒక్కదానికే పెట్టిన డబ్బు గిట్టుబాటైందనిపిస్తుంది నాకు.

లోపమూ చెప్పాలి. దీంతో కండరబలం పెరగదు. ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) సర్జరీ అయినవాళ్ల తొడ కండరానికి బరువు పడాల్సిందే. ఆధారాల విషయానికొస్తే, 2015లో వచ్చిన ఒక సమీక్ష 20 ప్రయోగాలను పరిశీలించి, వయసు పైబడినవాళ్ల బ్యాలెన్స్‌కు ఉపయోగం కనిపించిందని చెప్పింది. చాలా ప్రయోగాల నాణ్యత అంతంత మాత్రమేనని కూడా చెప్పింది. అందుకే నేను ముందు ఫెల్డెన్‌క్రైస్ పాఠం చేయించి, ఆ వెంటనే వ్యాయామం మొదలుపెడతాను.

లైసెన్సు పరీక్షకు ఇది ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టదు, జీతమూ పెరగదు. నరాల జబ్బులు, పాతబడిన నొప్పులు, వృద్ధుల మీద పనిచేయాలనుకునేవాళ్లకు గట్టిగా సిఫార్సు చేస్తాను. స్పోర్ట్స్ వైపు వెళ్లేవాళ్లు తొందరపడక్కర్లేదు. ఎవరైనా సరే, ముందు కొన్ని నెలలు వారానికో గ్రూప్ క్లాసుకు వెళ్లి చూసి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.