మా సుబేదారు తాతని సాగనంపినవాళ్లు: నాలుగు స్టార్లు

బెంగళూరు అల్సూరులో మా కింద వాటాలో ఉండే సుబేదారు తాత పోయారు. చిత్తూరు వైపు మనిషి, సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేశారు. నా అన్నవాళ్లు లేరు. రాత్రి 11 గంటలకు ఈ అంత్యక్రియల సేవవాళ్లకు ఫోన్ చేశాను. బేరం మాటే ఎత్తలేదు. విల్సన్ గార్డెన్ కరెంటు శ్మశానంలో పొద్దున్నే టైం తీసుకున్నారు. ట్రంకుపెట్టెలోని మెడల్స్ తుడిచి గుండె మీద పెట్టారు; లోపలికి పంపేముందు తీసి, లెక్కపెట్టి నా చేతికిచ్చారు. జెండా కప్పమంటే మాత్రం, సైనిక, పారామిలిటరీ లేదా ప్రభుత్వ లాంఛనాలు ఉంటేనే కప్పాలన్నారు. కోపమొచ్చింది గానీ, రూలు అదే. బండి 40 నిమిషాలు ఆలస్యం, ఫోనూ ఎత్తలేదు. అందుకే ఒక స్టార్ కోశాను. శ్రీరంగపట్నం పశ్చిమవాహినిలో అస్థికలు కలపడానికి డ్రైవరే తోడొచ్చాడు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.