బాక్స్‌టర్ కొంటున్నారా? ముందు డ్రైవర్ సీటు కింద కార్పెట్ తడిమి చూడండి

డాలస్ చుట్టుపక్కల పాత పోర్షే బాక్స్‌టర్ (రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కోసం వెతుకుతున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పోయిన అక్టోబరులో 2002 మోడల్ ఒకటి 9,800 డాలర్లకు కొన్నాను. ఆరు నెలలు తిరిగేసరికి దాని మీద ఇంకో 4,000 పైనే పెట్టాల్సి వచ్చింది. కొనేముందు 280 డాలర్లు ఖర్చు పెట్టి ఉంటే ఇందులో చాలా భాగం తప్పేది.

ఆ 280 డాలర్లు, పోర్షే పని మాత్రమే చేసే ఒక చిన్న షాపువాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి అడిగిన ఫీజు. నేను చేయించలేదు, ఎందుకంటే అమ్మేవాడు తెలుగువాడు. మాటల్లో తెలిసింది, వాళ్ళది మా పక్క మండలమేనని. "అన్నా, మనలో మనకి ఇన్‌స్పెక్షన్ ఏంటన్నా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆ మాటతో మొహమాటపడిపోయాను. దయచేసి మీరు పడకండి. కారు బాగుంటే ఇన్‌స్పెక్షన్ వల్ల అమ్మేవాడికి పోయేదేమీ లేదు. వద్దన్నాడంటే, ఎవరైనా సరే, అక్కడి నుంచి వచ్చేయండి.

ఈ కారు విషయంలో ఇన్‌స్పెక్షన్ ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఇంజిన్ సీట్ల వెనక, కారు మధ్యలో ఉంటుంది. ముందు మూత తెరిస్తే డిక్కీ, వెనక మూత తెరిస్తే ఇంకో డిక్కీ. ఇంజిన్ మాత్రం కంటికి కనపడదు. కార్ల గురించి బాగా తెలిసిన మా బావ నాతో వచ్చాడు. పాపం ఆయనకు ఆయిల్, కూలెంట్ పోసే మూతలు తప్ప ఏమీ దొరకలేదు. లిఫ్ట్ మీద పైకెత్తి కింద నుంచి చూడాల్సిందే.

మేం వెళ్ళేసరికి కారు స్టార్ట్ చేసి ఉంది. "మీరొస్తారని వేడెక్కించి ఉంచానన్నా" అన్నాడు. పాత ఇంజిన్ రాత్రంతా ఆగి ఉండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని శబ్దాలు, పొగ బయటపడతాయి. మీరు వెళ్ళేసరికి టెంపరేచర్ ముల్లు పైకి లేచి ఉంటే, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి.

నాకు అసలు దెబ్బ తగిలింది నీళ్ళ వల్ల. బాక్స్‌టర్‌కి గుడ్డ టాప్. దాని మీద పడిన వాన నీళ్ళు వెనక మూలల్లో ఉన్న సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోవాలి. చెట్ల కింద ఆపితే ఆ గొట్టాలు ఆకులతో, మట్టితో పూడుకుపోతాయి. అప్పుడు నీళ్ళు కారు లోపలికి దిగి సీట్ల కింద నిలుస్తాయి. ఇక్కడి కార్లలో డ్రైవర్ సీటు కిందే, నేలకు ఆనుకుని, ఇమ్మొబిలైజర్ పెట్టె ఉంటుంది. తాళంచెవిని గుర్తుపట్టి, ఇంజిన్ స్టార్ట్ అవ్వనిచ్చేది అదే. అది తడిసిందంటే కారు కదలదు.

ఏప్రిల్‌లో రెండు రాత్రులు గట్టి వాన పడింది. మూడో రోజు ఆఫీసుకి బయల్దేరితే రిమోట్ పనిచెయ్యలేదు, కారు స్టార్ట్ అవ్వలేదు. టో చేయించి అదే షాపుకి పంపాను. వాళ్ళు సీటు విప్పి, కార్పెట్ ఎత్తి ఫోటోలు పంపారు. కింద ఫోమ్ పిండితే నీళ్ళు కారుతున్నాయి. పెట్టె లోపల బోర్డు మీద పచ్చటి చిలుము, సీటు బోల్టులకు ఎర్రటి తుప్పు. ఇది రెండు రోజుల వానకి పట్టిన తుప్పు కాదు, చాన్నాళ్ళుగా తడుస్తోందని మెకానిక్ చెప్పాడు. కొన్న రోజు లోపలంతా ఘాటుగా సెంటు వాసన ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. కొత్త పెట్టెకి, దానికి తాళాలు ప్రోగ్రామ్ చేయడానికి, లేబర్‌కి కలిపి 2,300 డాలర్లు అయ్యాయి.

అందుకే సీటు వెనక్కి జరిపి, కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. టాప్ సగం తెరిపించి, వెనక మూలల్లో ఒక్కో గ్లాసు నీళ్ళు పోయండి. అవి వెనక చక్రాల దగ్గర కిందికి కారాలి. వెనక డిక్కీ కార్పెట్ కూడా తడమండి. కూలెంట్ ట్యాంకు అక్కడే ఉంటుంది, పాతబడితే పగులుతుంది. నాది పగిలే ఉంది.

కార్‌ఫ్యాక్స్ (కారు పాత చరిత్ర చూపే రిపోర్టు) క్లీన్‌గా ఉందని ధైర్యం తెచ్చుకోకండి. నాదీ క్లీనే. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ వైపు మునిగిన కార్లలా ఇన్సూరెన్స్‌కి ఎక్కిన నష్టమైతే రిపోర్టుల్లో కనపడే అవకాశం ఉంది. ఇన్సూరెన్స్ మోసాల మీద పనిచేసే ఎన్ఐసీబీ సంస్థ వాళ్ళ విన్‌చెక్‌లో కారు గుర్తింపు సంఖ్య (విన్) కొట్టి ఉచితంగా చూడొచ్చు, అదీ చూడండి. కానీ పూడుకుపోయిన గొట్టం వల్ల తడిసిన కారు ఏ రిపోర్టులోనూ ఉండదు.

ఐఎంఎస్ బేరింగ్, అంటే ఇంజిన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే కడ్డీని మోసే బేరింగ్ గురించి మీరు వినే ఉంటారు. 2001 నుంచి 2005 మధ్య తయారైన కొన్ని బాక్స్‌టర్, పోర్షే 911 కార్ల మీద అమెరికాలో కోర్టు కేసు నడిచి సెటిల్ అయింది కూడా. ఆ బేరింగ్ పోతే ఇంజిన్ మొత్తం పోవచ్చు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. పాతది కొంటుంటే బేరింగ్ మార్చిన బిల్లు చూపించమనండి. గేర్‌బాక్స్ దింపితేనే మార్చగలరు కాబట్టి, మామూలుగా క్లచ్‌తో పాటే చేయిస్తారు. "మార్పించానన్నా" అనే మాట సరిపోదు, బిల్లు మీద ఆ కారు విన్ నంబర్ ఉండాలి. ఇన్‌స్పెక్షన్‌లో ఆయిల్ ఫిల్టర్ కోసి, లోహపు రజను ఉందేమో చూడమనండి. ఓవర్-రెవ్ రిపోర్టు కూడా అడగండి. నాలుగో గేరు వెయ్యబోయి పొరపాటున రెండోది వేస్తే ఇంజిన్ హద్దు దాటి తిరుగుతుంది, ఆ లెక్క కారు కంప్యూటర్‌లో ఉండిపోతుంది. టైర్ల గాడి మాత్రమే చూసి మోసపోకండి. టైరు పక్కన అచ్చువేసి ఉండే డాట్ నంబర్ చివరి నాలుగు అంకెలు 2309 అని ఉంటే అది 2009లో 23వ వారంలో తయారైనది, గాడి ఎంతున్నా పాత టైరే.

టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం) మీద ఉన్న పేరు, ఎదురుగా ఉన్న మనిషి లైసెన్సు మీద ఉన్న పేరు ఒకటేనా అని చూడండి. నాకిచ్చిన టైటిల్ వేరే పెద్దాయన పేరు మీద ఉంది. "ఫ్రెండ్‌దన్నా, సంతకం పెట్టేశాడు" అన్నాడు. అంటే తన పేరు మీదికి మార్చుకోకుండానే నాకు అమ్మాడు. దీన్ని టైటిల్ జంపింగ్ అంటారు, అది చట్టవిరుద్ధం. కౌంటీ ఆఫీసులో కాగితాలు తిప్పి పంపితే, సంతకం కోసం ఆ పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ట్యాక్స్ తగ్గేలా కాగితాల్లో ధర తక్కువ రాసుకుందామని కూడా అమ్మినవాడు అన్నాడు. టెక్సస్‌లో ట్యాక్స్ కనీసం ఆ కారు ప్రామాణిక విలువలో 80 శాతం మీద లెక్కేస్తారు. కాబట్టి తక్కువ రాస్తే మీకు మిగిలేది ఉండదు, అబద్ధం మీద మీ సంతకం మాత్రం ఉంటుంది.

ఏప్రిల్‌లో కారు ఆగిపోయాక ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. "వానొస్తే లోపలికి నీళ్ళొస్తున్నాయనే కదా తక్కువకి ఇచ్చేశాను, మీ అబ్బాయికి చెప్పానే" అన్నారు. నాదీ, అమ్మినవాడిదీ తెలుగు పేర్లు కావడంతో మేం బంధువులం అనుకున్నారట. ఆ మాట విని చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "నేనిచ్చినప్పుడు బాగానే ఉందిగా అన్నా" అని పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

పోయిన వారం అతనే ఇంకో బాక్స్‌టర్ అమ్మకానికి పెట్టాడని మా బావ చూపించాడు. 2001 మోడల్, వెండి రంగు, ఫోటోల్లో చాలా అందంగా ఉంది. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒక గ్లాసు, నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. టైటిల్ ముందే అడగండి.